చూపు పోయే జ్ఞానమా, మతి చెదిరే జ్ఞానమా: ఏది మేలు?

మా శ్రీకాకుళంలో కళ్లకి ఏదైనా అయితే ముందు అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకుంటారు, డాక్టరు ఆ తర్వాత. మొన్న రథసప్తమికి అమ్మమ్మ దర్శనం చేసుకుని వచ్చేసరికి నేను స్కైరిమ్ అనే వీడియో గేమ్ ఆడుతున్నాను. తెర మీద కళ్లకి గుడ్డ కట్టుకున్న ముసలి పూజారి ఉన్నాడు. "ఆయనకేటైందిరా?" అంది. "చదవకూడనిది చదివాడమ్మమ్మా, చూపు పోయింది" అన్నాను. "అరసవల్లి తీసుకురాకపోయావా" అనేసి ప్రసాదం చేతిలో పెట్టింది.

ఆ పూజారి పేరు డెక్సియన్. ఆ గేమ్‌కి 2012లో వచ్చిన డాన్‌గార్డ్ అనే అదనపు భాగంలో ఉంటాడు. ఎల్డర్ స్క్రోల్ అనే దివ్యపత్రాలు చదవడమే ఇలాంటి పూజారుల వృత్తి. చదివే కొద్దీ చూపు మందగించి, చివరికి పోతుంది. అది తెలిసే అందులోకి దిగుతారు. ఈయన మాత్రం సరిగ్గా సిద్ధపడకుండా తొందరపడి, ముందే గుడ్డివాడైపోయాడు. దాంతో చదివే పని నా మీద పడింది. ఓ గుహలో చెట్టు బెరడు గీకి, దీపపు పురుగుల్ని చుట్టూ చేర్చుకుని, వెలుగులో నిలబడి చదివాను. తెర కాసేపు తెల్లబడింది. నా కళ్లకి ఏమీ కాలేదు. నాకు నచ్చనిది అదే.

బ్లడ్‌బోర్న్ (2015) అనే ఇంకో గేమ్ లెక్క వేరు. అక్కడ జ్ఞానానికి ఇన్‌సైట్ అని ఒక అంకె ఉంటుంది, 99 దాకా పెరుగుతుంది. పెద్ద రాక్షసుడు ఎదురుపడితే పెరుగుతుంది, ఒకరకం పుర్రెని నలిపినా పెరుగుతుంది. ఒకటి రాగానే అప్పటిదాకా కదలని బొమ్మ లేచి మాట్లాడుతుంది. 40కి చేరితే చర్చి గోడని కరుచుకుని ఉన్న అమిగ్డాలా అనే పెద్ద వికృత జీవి కనిపిస్తుంది. ఆ గోడ కింద నుంచి ఇరవైసార్లయినా తిరిగి ఉంటాను. అది అప్పుడూ అక్కడే ఉందట! ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇన్‌సైట్ పెరిగిన కొద్దీ ఫ్రెంజీని, అంటే మతి చెదరడాన్ని, తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఫ్రెంజీ నిండిందంటే ఒంట్లోంచి రక్తం చిమ్ముతుంది. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు, చచ్చి తెలుసుకోవాలి. ఆ ఒక్క విషయంలో స్కైరిమ్ నయం.

స్కైరిమ్ కథ జరిగే ఎల్డర్ స్క్రోల్స్ లోకంలోనే చిమ్ అని ఇంకో రకం జ్ఞానం ఉంది. లోకమంతా ఒకరి కల అని తెలిశాక కూడా "నేనున్నాను" అనగలగాలి, లేదంటే మాయమైపోతారు. 'నేను' పోతేనే మోక్షమని వింటూ పెరిగిన మనకి ఇది తిరగేసినట్టుంటుంది. కానీ అది ఆడేది కాదు, చదువుకునేదే. పోటీలోంచి తీసేశాను.

నా ఓటు బ్లడ్‌బోర్న్‌కే. స్కైరిమ్‌లో తెలుసుకున్నది నేను, కళ్లు పోయింది ఆ ముసలాయనకి. బ్లడ్‌బోర్న్‌లో ఎవరి జ్ఞానానికి వాళ్లే మూల్యం కట్టుకోవాలి. పైగా ఇన్‌సైట్‌ని డబ్బులా ఖర్చు పెట్టొచ్చు కూడా, తోటి ఆటగాణ్ణి పిలిచే గంట మోగించినప్పుడల్లా ఒకటి.

ఇప్పుడు నా దగ్గర 41 ఉంది. గంట రెండుసార్లు మోగిస్తే ఆ గోడ మళ్లీ ఖాళీగా కనిపిస్తుంది. వారం నుంచి మోగించలేదు.