ప్రయోగాత్మక రేడియో కళ: సముదాయ ఎఫ్‌ఎంలోనా, ఇంటర్నెట్‌లోనా?

రేడియోను వార్తలకో పాటలకో వాహకంగా కాక, దానినే కళామాధ్యమంగా భావించేవారి ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి: స్థానికులే తమ ప్రాంతం కోసం నడుపుకునే చిన్న రేడియో కేంద్రం, అంటే సముదాయ ఎఫ్‌ఎం ఒకటి; ఇంటర్నెట్ ప్రసారం రెండోది.

సముదాయ ఎఫ్‌ఎంకు ప్రసార దూరంలో హద్దు ఉంది. నా దృష్టిలో ఆ హద్దే కళాకారుడికి ముడిసరుకు. జపాన్‌లో 1980లలో రేడియో కళాకారుడు తెత్సువో కొగావా ప్రోత్సహించిన మినీ ఎఫ్‌ఎం కేంద్రాల ప్రసారం కొన్ని వందల మీటర్లకు మించి వినిపించేది కాదు కనుక, శ్రోత నడుచుకుంటూ స్టూడియోకే వచ్చి మాట కలపగలిగేవాడు. రిసీవర్ పట్టుకుని గదిలో అటూ ఇటూ నడిస్తే గరగర హెచ్చుతగ్గులు కావడం, మనిషి అడ్డు వస్తే స్వరం చెదరడం కూడా రచనలో భాగమే అవుతుంది. ఇంటర్నెట్‌లో ఆ గరగరకు తావు లేదు. కనెక్షన్ బలహీనపడితే శబ్దం మసకబారదు, ఉన్నట్టుండి ఆగిపోతుంది.

దూరం విషయంలో మాత్రం ఇంటర్నెట్‌దే పైచేయి, పైగా అనుమతుల బెడదా తక్కువ. ఆస్ట్రియా ప్రసార సంస్థ ఓఆర్‌ఎఫ్‌లో 1987లో మొదలైన రేడియో కళా కార్యక్రమం కున్‌స్ట్‌రేడియో, 1995లో ‘హొరిజాంటల్ రేడియో’ పేరిట పలు దేశాల కేంద్రాలను 24 గంటల పాటు కలిపినప్పుడు, ఇంటర్నెట్‌ను తరంగాలకు పోటీగా కాక తోడుగా వాడింది.

ఇక ఆలస్యం సంగతి. ఒకే కార్యక్రమాన్ని ఎఫ్‌ఎం సెట్టులోనూ ఫోన్‌లోనూ పక్కపక్కనే పెట్టి వింటే, సెట్టులో ముగిసిన వాక్యం బఫరింగ్ వల్ల ఫోన్‌లో అప్పుడే మొదలవుతుంది. తాళం కలపవలసిన వాద్యకారులకు ఇది తలనొప్పే గాని, ప్రతిధ్వనితో రచన చేయదలచినవారికి ఇంతకన్నా చవకైన పరికరం దొరకదు. అందుకే రెండింటినీ ఒకేసారి వినిపించే ప్రదర్శనకే నా ఓటు.