మ్యూనిక్‌లో అద్దె కారు: బండి బంగారం, కౌంటరు బాధ

మ్యూనిక్ విమానాశ్రయంలో తొమ్మిది రోజులకు కారు అద్దెకు తీసుకున్నాం. ఆస్ట్రియా, స్లొవేనియా మీదుగా వెనిస్ వెళ్లి, బ్రెన్నర్ కనుమ దారిలో తిరిగి వచ్చాం. బండికి వంక పెట్టను. డీజిల్ స్కోడా ఆక్టావియా. నాలుగు సూట్‌కేసులు, అత్తయ్యగారి ఆవకాయ డబ్బాతో సహా డిక్కీలో ఇమిడిపోయాయి.

చిరాకంతా కౌంటరు దగ్గరే. ఏయే దేశాలకు వెళ్తామో బుకింగ్‌లోనే రాశాం. అయినా సరిహద్దు దాటడానికి విడిగా రుసుము కట్టాలని అక్కడికి వెళ్లాక చెప్పారు. హైదరాబాద్‌లో తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను మాత్రం మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

ఆస్ట్రియా హైవే విన్యెట్ (ఇన్ని రోజులకని ముందే కట్టే రోడ్డు రుసుము) స్టిక్కరు పెట్రోల్ బంకులో కొని అద్దానికి అంటించాం. స్లొవేనియాది పూర్తిగా డిజిటల్, కారు నంబరుకు ముడిపడి ఉంటుంది. తాళం చేతికొచ్చేదాకా నంబరు తెలియదు కాబట్టి ముందే కొనే వీలు లేదు. పార్కింగులో కూర్చుని ఫోనులో కొంటూ ‘ఓ’ అక్షరాన్ని సున్నాగా కొట్టబోయాను. మా ఆవిడ చూడబట్టి సరిపోయింది.

విన్యెట్ ఉన్నా టౌయర్న్, కారవాంకెన్ సొరంగాలకు, బ్రెన్నర్‌కు టోలు వేరే. ఇటలీలో హైవే ఎక్కేచోట టికెట్ తీసుకుని దిగేచోట చెల్లించాలి. టెలీపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) వరుసలోకి మాత్రం వెళ్లకండి.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు చక్రపు అంచు మీద గీత చూపించి 180 యూరోలన్నారు. మొదటి రోజు తీసిన వీడియో ముందు పెట్టాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మూడు నక్షత్రాలు. ఆ మూడూ బండికే.