బ్రిక్ లేన్‌లో "డిస్కౌంట్" అని పిలిస్తే జాగ్రత్త

లండన్‌కి కొత్తగా వచ్చినవాళ్లూ, ఊరు చూపించడానికి అమ్మానాన్నల్ని రప్పించుకుంటున్నవాళ్లూ ఇది చదవండి. మొన్న శనివారం తూర్పు లండన్‌లో కూరల హోటళ్లకి పేరున్న బ్రిక్ లేన్ వీధిలో ఒక కర్రీ హౌస్‌కి వెళ్లాం, పిల్లాడితో కలిపి నలుగురం. పేరు రాయను. వీధంతా ఇలాగే ఉంటుందనీ అనను.

గుమ్మం ముందు నిలబడ్డ కుర్రాడు "మొత్తం బిల్లు మీద 25 శాతం తగ్గింపు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి లోపలికి పంపాడు. (ఇలా వీధిలో నిలబడి గిరాకీని పిలవడం ఆ ప్రాంతాన్ని చూసే టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం తప్పు. అయినా పిలుస్తూనే ఉంటారు.) కూర్చున్నామో లేదో, అడక్కుండానే అప్పడాలూ చట్నీల ట్రే వచ్చేశాయి. మన భోజనంలో అప్పడంలాగా ఊరికే అనుకునేరు! అప్పడానికి వేరే, చట్నీకి తలకింత అని వేరే వేశారు.

ఇక బిల్లు. తిన్నది 96 పౌండ్లు. 25 శాతం అంటే 24 తగ్గాలి కదా, తగ్గింది 12. అదేమంటే ఆఫర్ కూరలకేనట, అన్నానికీ నాన్‌కీ స్టార్టర్లకీ లేదట. దాని కింద 12.5 శాతం సర్వీస్ ఛార్జి. అదైనా మిగిలిన 84 మీద వేశారా అంటే లేదు, అసలు 96 మీద లెక్కకట్టారు. సరిగ్గా 12. ఇచ్చిందీ పన్నెండే, లాక్కుందీ పన్నెండే! బయటి కుర్రాడి మాట ఎత్తితే "వాడు మావాడు కాదు" అన్నారు.

సర్వీస్ ఛార్జి మన ఇష్టం అని బిల్లు అడుగునే చిన్న అక్షరాల్లో ఉంది. అది చూపించి తీసెయ్యమన్నాను. మొహం మాడ్చుకున్నా తీశారు. ఆ వెంటనే కార్డు మెషీన్‌లో టిప్పు అడిగే తెర వచ్చింది, చూడకుండా బటన్ నొక్కకండి. వెయిటర్ల పొట్ట కొడుతున్నామేమో అని మొహమాటపడేవాళ్లకి ఒక మాట: టిప్పులూ సర్వీస్ ఛార్జీ పనివాళ్లకే చేరాలని 2024 అక్టోబర్ 1 నుంచి చట్టం ఉంది. బాగా చూసుకుంటే సంతోషంగా ఇవ్వండి.

డబ్బు సంగతి సరే, నాకు అసలు మండింది వేరే. మా పిల్లాడికి పల్లీలు పడవు. కోర్మాలో ఏమైనా ఉన్నాయా అని అడిగితే, వెయిటర్ వంటగది వైపు కూడా చూడకుండా "ఏం ఫర్వాలేదు" అనేశాడు. ఇక్కడ 14 రకాల అలర్జీ పదార్థాల గురించి హోటల్‌వాళ్లు కచ్చితంగా చెప్పి తీరాలి. 2014లో నార్త్ యార్క్‌షైర్‌లో బాదం పొడికి బదులు చవకగా వచ్చే పల్లీ పొడి కలిపిన కూర తిని ఒకాయన ప్రాణమే పోయింది. 2016లో ఆ హోటల్ యజమానికి ఆరేళ్ల జైలు పడింది. అందుకే మేం కోర్మా మానేసి పిల్లాడికి తెల్లన్నం, పెరుగు తెప్పించాం.

హైదరాబాదీ బిర్యానీ అని ఇచ్చినది, ముందే వండిన అన్నాన్ని పెనం మీద చికెన్‌తో వేయించి, పక్కన గిన్నెడు కూర పెట్టినది. దమ్ము ఊసే లేదు.

వెళ్లక తప్పదనుకుంటే, ఆఫర్ దేనికి వర్తిస్తుందో లోపల మేనేజర్‌నే అడిగి, కూర్చోకముందే మెనూ మీద రాయించుకోండి. హోటల్ శుభ్రతకి 0 నుంచి 5 దాకా ఇచ్చే హైజీన్ రేటింగ్ తలుపు మీద కనబడకపోతే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైట్‌లో చూసుకోండి. ఇంగ్లండ్‌లో దాన్ని బయట అంటించాలన్న నియమం లేదు, తక్కువ వచ్చినవాళ్లు ఎందుకు అంటిస్తారు? మన తిండే కావాలంటే ఈస్ట్ హామ్ హై స్ట్రీట్ నార్త్‌కి వెళ్లండి. శాకాహారులైతే యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమ్మండ్ స్ట్రీట్ ఉంది.