కారు ఎక్స్‌టెండెడ్ వారంటీ: గడువంతా వాడి చూసిన తరువాత

కారు కొన్న రోజే షోరూములో అమ్మిన ఎక్స్‌టెండెడ్ వారంటీని చివరి గడువు దాకా వాడాను. కంపెనీ ఇచ్చే మామూలు వారంటీ ముగిశాకే దీని అసలు పని మొదలవుతుంది. అందుకే కొన్న కొత్తలో రాసే సమీక్షలను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. నా తీర్పు ముందే చెబుతాను. డబ్బు పరంగా చూస్తే లాభమే, కట్టినదానికన్నా ఎక్కువ విలువైన విడిభాగాలు వచ్చాయి. అయితే అవి అడగగానే రాలేదు. వారంటీ పుస్తకం చివర ఆవగింజంత అక్షరాల్లో ఉన్న షరతులు చూపించి కాదన్నప్పుడు, వాటిలో చట్టం ముందు ఏది నిలుస్తుందో, ఏది నిలవదో కొంత తెలిసి ఉండటం వల్ల వచ్చాయి. అందుకే ఈ సమీక్షలో కారు గురించి తక్కువ, ఆ షరతుల గురించి ఎక్కువ ఉంటుంది.

పెద్ద పేచీ ఏసీ దగ్గర వచ్చింది. ఒక వేసవిలో చల్లదనం తగ్గితే వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. కంప్రెసర్ సీలు దగ్గర గ్యాసు కారుతోంది, కంప్రెసరే మార్చాలి అన్నారు. ప్యాకేజీ జాబితాలో కంప్రెసర్ పేరుతో సహా ఉంది. కాసేపటికి సర్వీస్ అడ్వైజర్ వచ్చి క్లెయిము రాదన్నారు. నేను బయట దుకాణంలో రివర్స్ కెమెరా పెట్టించుకోవడమే కారణమట. "బయటివాళ్లు వైరింగ్ ముట్టుకుంటే మొత్తం వారంటీ రద్దవుతుందండీ, పుస్తకంలోనే ఉంది చూడండి" అని ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించారు. నిజంగానే ఉంది.

నేను ఒక్కటే అడిగాను. "కెమెరా తీగ వెనక రివర్స్ లైటు దగ్గర కలిపారు. కంప్రెసర్ ముందు భాగంలో ఇంజను బెల్టుతో తిరుగుతుంది. ఆ తీగ వల్ల ఈ సీలు ఎలా పాడైందో జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టండి సార్." ఆయన రాయలేదు, పైవాళ్లతో మాట్లాడి చెబుతానన్నారు. ఆ సాయంత్రమే జాబ్ కార్డు నకలు, పాత సర్వీసు బిల్లులు జతచేసి కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పంపాను. తిరస్కరణకు సాంకేతిక కారణం ఏమిటో రాతపూర్వకంగా తెలపమని కోరాను. కొన్నాళ్లకు క్లెయిము ఆమోదం పొందిందని ఫోను వచ్చింది. కొత్త కంప్రెసర్ వేశారు. గ్యాసు, కంప్రెసర్ ఆయిలు ఖర్చు మాత్రం నేనే భరించాను. అవి జాబితాలో మినహాయించిన వస్తువులే కాబట్టి దాని మీద వాదించలేదు.

ఆ మెయిల్‌లో నేను ప్రస్తావించిన ఉత్తర్వు గురించి కారున్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని తమ అధీకృత వర్క్‌షాపులకే పరిమితం చేసి పోటీని అడ్డుకున్నందుకు ఆ జరిమానా. ఆ తరువాత విషయం అప్పీళ్లకు వెళ్లింది, జరిమానా లెక్క కూడా మారింది. నాకు పనికొచ్చింది అందులోని మరో ఆదేశం. బయటి మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని కంపెనీలు గుండుగుత్తగా షరతు పెట్టకూడదు. బయట చేసిన పని సరిగా లేక నష్టం జరిగితే, ఆ నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చు. అంటే కారణానికీ నష్టానికీ సంబంధం చూపించాలి. జాబ్ కార్డు మీద రాయమన్నది అందుకే. ఇలాంటి సందర్భాల్లో గొంతు పెంచడం కన్నా కారణాన్ని కాగితం మీద పెట్టమనడమే బాగా పనిచేస్తుందని గట్టిగా చెప్పగలను.

అలాగని చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చెల్లదని అనుకోవడం ప్రమాదం. మా బంధువు ఒకాయన డీజిల్ కారుకు ఆయిలు మార్పించడంలో గడువు మీద గడువు దాటించారు. టర్బో పోయింది, క్లెయిము తిరస్కరించారు. ఆయన చాలా బాధపడ్డారు కానీ ఆ తిరస్కరణలో నాకు అన్యాయం కనిపించలేదు. పాత ఆయిలుకూ టర్బో అరుగుదలకూ నేరుగా సంబంధం ఉంది, సర్వీసు గడువు షరతు పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంది. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు, రబ్బరు బుష్‌ల వంటి అరుగుదల భాగాల మినహాయింపు కూడా అంతే. సంతకం చేసిన షరతుకు కోర్టులు విలువ ఇస్తాయి. భారతి నిట్టింగ్ కంపెనీ, డీహెచ్ఎల్ మధ్య నడిచిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, కొరియర్ రసీదు మీద సంతకం చేసిన ఖాతాదారు అందులోని పరిహార పరిమితికి కట్టుబడాల్సిందేనని చెప్పింది. వినియోగదారు ఫోరమైనా (ఇప్పటి వినియోగదారుల కమిషన్) ఆ పరిమితి దాటలేదంది. చదవలేదు అనే మాట ఒక్కటే పట్టుకుని వెళితే గెలవడం కష్టం.

షరతులు మన చేతికి ఇవ్వకపోతే మాత్రం కథ వేరు. నాకు పుస్తకం డబ్బు కట్టిన చాలా రోజుల తరువాత పోస్టులో వచ్చింది. షోరూములో చూపించింది ఒక రంగుల కరపత్రం, అందులో మినహాయింపుల ఊసే లేదు. బీమా విషయంలో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను సూటిగానే తేల్చింది. మోడర్న్ ఇన్సులేటర్స్ కేసులో 2000లో, మినహాయింపు షరతును పాలసీదారుకు తెలియజేయకపోతే దాన్ని చూపించి క్లెయిము ఎగ్గొట్టడం కుదరదని చెప్పింది. వారంటీ, బీమా ఒకటి కావు. అయినా ఆ సూత్రాన్ని వారంటీకి కూడా వర్తింపజేయమని కోరడానికి బలమైన ఆధారం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా, నెరవేర్చే అవకాశం లేని లేదా తప్పుదోవ పట్టించే వారంటీ ప్రకటనలను అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. నేను ఆ కరపత్రాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. అమ్మేటప్పుడు వాట్సాప్‌లో పంపిన సందేశాలను కూడా.

ఇదే చట్టం అనుచిత ఒప్పందం అనే మాటను మొదటిసారి నిర్వచించింది. అది 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. సరైన కారణం లేకుండా ఒక పక్షం తనంతట తానే ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా, వినియోగదారుకు చెప్పకుండా అతనికి నష్టం కలిగేలా ఒప్పందాన్ని మరొకరికి బదలాయించడం, అసమంజసమైన రుసుము లేదా షరతు వంటివి అందులో ఉన్నాయి. నా పుస్తకంలో "ఏ క్షణమైనా కారణం చూపకుండా ఈ ప్యాకేజీని ఉపసంహరించే హక్కు మాకు ఉంది" అనే వాక్యం చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. డబ్బు ముందే పూర్తిగా తీసుకుని ఇలా రాయడం ఏమి న్యాయం? ఇలాంటి షరతును చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్లకు ఉంది. జిల్లా కమిషన్‌కు లేదు. ఈ తేడా తెలియక చాలామంది జిల్లాలో షరతు రద్దు చేయమని కోరుతూ ఫిర్యాదు రాస్తారు. మనకు కావాల్సింది పాడైన భాగానికి డబ్బు మాత్రమే అయితే, సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే కారణాలతో జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు.

వివాదాలన్నీ ఫలానా మహానగరంలోని కోర్టుల్లోనే తేల్చుకోవాలి, లేదా ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పుకు) వెళ్లాలి అనే వాక్యాలు దాదాపు అన్ని పుస్తకాల్లోనూ ఉంటాయి. వీటికి భయపడి వెనక్కి తగ్గనక్కరలేదు. 2019 చట్టం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారు ఫోరం తలుపు మూసుకుపోదని 2018 డిసెంబరులో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత గడువులోగా కోర్టుకు రాకపోతే హక్కే పోతుందనే షరతు భారత కాంట్రాక్టు చట్టం 28వ సెక్షను కింద చెల్లదు. ఇక్కడ ఒక జాగ్రత్త. లోపం కనిపించిన ఇన్ని రోజుల్లో తెలియజేయాలి అనే షరతు వేరు, అది హేతుబద్ధమే. తెలిశాక కూడా అదే కారు నడిపి నష్టం పెంచుకుంటే తప్పు మన మీదికే వస్తుంది.

ఈ ప్యాకేజీ కొనేటప్పుడు అందరూ వదిలేసే పేజీ మొదటిది. మాట ఇస్తున్నది ఎవరు? కార్ల తయారీ కంపెనీయా, డీలరా, మధ్యలో ఉన్న మూడో సంస్థా? షోరూములో అందరూ కంపెనీ పేరే చెబుతారు, ఇన్వాయిసు మీద మరొకరి పేరు ఉంటుంది. కంపెనీ, డీలరు వేర్వేరు వ్యాపారులుగా ఒప్పందం చేసుకుంటే, కంపెనీకి తెలియకుండా డీలరు చేసినదానికి కంపెనీ జవాబుదారీ కాదని 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్, ఆంటోనియో పాలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ డీలరు 2009 మోడల్ కారును 2011 మోడల్‌గా అమ్మారు. డీలరు సొంతంగా అమ్మిన ప్యాకేజీ అయితే, ఆ డీలరు దుకాణం కట్టేసిన రోజు మన కాగితం ఎవరి ముందు పెట్టాలి? నాది కంపెనీ పేరుతోనే ఉండటం వల్ల కారును వేరే ఊరి వర్క్‌షాపులో చూపించినా పని జరిగింది. ఇంత సేపు షరతులను తిట్టినా, ఈ ఒక్క విషయంలో ఆ ప్యాకేజీకి పూర్తి మార్కులు ఇస్తాను.

మిగతావి క్లుప్తంగా. పవర్ విండో మోటారు, స్టీరింగ్ ర్యాకు ఏ పేచీ లేకుండా మార్చారు. మ్యూజిక్ సిస్టమ్ తెర మచ్చలు పడితే సౌందర్య లోపం అని నిరాకరించారు, నేను వదిలేశాను. విడిభాగాలు రావడంలో ఆలస్యం విసుగు పుట్టించింది. ఆ సమయానికి ప్రత్యామ్నాయ కారు ఇస్తామని ఎక్కడా రాసి లేదు కాబట్టి ఇవ్వలేదు. కారు అమ్మితే వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుంది, దానికి దరఖాస్తు, కొంత రుసుము ఉన్నాయి.

ఫిర్యాదు దాకా వెళ్లాల్సి వస్తే దారి ఇదీ. ముందు వర్క్‌షాపుకు రాత, తరువాత కంపెనీకి రాత. అయినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయాలి. అక్కడ నమోదైన ఫిర్యాదు కంపెనీ ప్రధాన కార్యాలయానికి చేరుతుంది, చాలా పేచీలు అక్కడితోనే సద్దుమణుగుతాయి. కమిషన్‌కు వెళితే, చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉన్నప్పుడు జిల్లాలో రుసుము ఉండదు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. సమస్య పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి. చట్టం మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చమంటుంది. ఆచరణలో అంత వేగం ఆశించకండి.

మళ్లీ తీసుకుంటానా? ఏసీ, ఎలక్ట్రానిక్స్ ఎక్కువగా ఉన్న కారుకు, తయారీ కంపెనీ పేరుతో ఇచ్చే ప్యాకేజీ అయితే తీసుకుంటాను. డబ్బు కట్టకముందే పూర్తి షరతుల పుస్తకం మెయిల్‌కు పంపమంటాను. పంపకపోతే ఆ షోరూములో ప్యాకేజీ కొనను. గడువు ముగియడానికి కొంత ముందు కారును మొత్తం చూపించి, ఉన్న లోపాలన్నీ జాబ్ కార్డులో రాయిస్తాను. ఏడాదికి అతి తక్కువ తిప్పేవాళ్లు, రెండు మూడేళ్లకే కారు మార్చేవాళ్లు ఈ డబ్బు కట్టనక్కరలేదు. వాళ్ల అవసరానికి కంపెనీ మామూలు వారంటీ సరిపోతుంది.