బాలాజీ కాలనీ మేడమీది కంప్యూటర్ షాపు

తిరుపతిలో కంప్యూటర్ పాడైతే ఎక్కడికి పట్టుకుపోవాలని ఎవరడిగినా ఇప్పుడు నేను ఒకే షాపు చెబుతున్నాను. బాలాజీ కాలనీ సర్కిల్ దగ్గర ఒక సందులోకి తిరిగితే కింద జెరాక్స్ సెంటరు, దాని పక్కన టీకొట్టు, రెంటికీ మధ్యలోంచి పైకి ఇనప మెట్లు. పైన ఒకటే గది. పేరు రాయొద్దని యజమానే అడిగాడు కాబట్టి రాయడం లేదు. "ఉండేది ఇద్దరమే అక్కా, మంది ఎక్కువైతే పని చెడిపోతాది" అన్నాడు. టీకొట్టులో అడిగితే చెయ్యి పైకి చూపిస్తారు, ఆ గుర్తు చాలు.

నాది డీటీపీ పని. ఎస్వీ యూనివర్సిటీలో తెలుగు, చరిత్ర చదివే పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలే ఎక్కువగా వస్తాయి. నా సిస్టమ్ ఆగిపోతే ఆగేది నా ఒక్కదాని పని కాదు. ఎవరిదో ఒకరి సబ్మిషన్ తేదీ దాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే రిపేరు షాపుల విషయంలో నేను పట్టింపుగా ఉంటాను, ఈ సమీక్ష కూడా ఆ పట్టింపుతోనే రాస్తున్నాను.

ఈ షాపు మీద నాకు గురి కుదిరింది రూపాయి బిళ్లంత ఒక సెల్లు దగ్గర. పొద్దున నా డెస్క్‌టాప్ ఆన్ చేస్తే నల్ల తెర మీద ఎఫ్1 నొక్కమని వచ్చేది. నొక్కితే విండోస్ తెరుచుకునేది గానీ తేదీ మాత్రం ఏళ్ల వెనక్కి పోయి ఉండేది. ఇక బ్రౌజర్‌లో ఏ సైటూ రాదు. సిద్ధాంత గ్రంథాలుండే శోధ్‌గంగా సైటు రాదు, బ్యాంకు రాదు, మెయిల్ రాదు. మీ కనెక్షన్ సురక్షితం కాదని హెచ్చరిక ఒక్కటే. అదే వైఫైలో ఫోను బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చూసినవాళ్లందరూ వైరస్ అన్నారు. అంతకుముందు చూపించిన ఇంకో షాపువాళ్లయితే మదర్‌బోర్డు పోయిందని, దీనికి డబ్బు పెట్టడం దండగని చెప్పి కొత్త సిస్టమ్ కొటేషన్ చేతిలో పెట్టారు.

ఇక్కడ ఆయన మూత విప్పకముందే ఒక ప్రశ్న అడిగాడు. "రాత్రి షట్‌డౌన్ చేసినాక గోడ దగ్గర స్విచ్చి కూడా ఆపేస్తారా?" ఆపేస్తానన్నాను. "ఎప్పుడన్నా ఆపడం మరిచిపోతే, మర్నాడు తేదీ సరిగ్గా ఉంటాదా?" ఆలోచిస్తే నిజమే, అలాంటి రోజుల్లో సరిగ్గానే ఉండేది. అప్పుడు మూత తీసి, బోర్డు మీదున్న సీఆర్2032 సెల్లు బయటికి లాగి మల్టీమీటర్ పెట్టాడు. మూడు వోల్టులు చూపించాల్సింది రెండు కూడా చూపించలేదు. గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ బోర్డుకు కొద్దిగా కరెంటు అందుతుంది కాబట్టి గడియారం నడుస్తుంది. పూర్తిగా ఆపేస్తే దాన్ని నడపాల్సింది ఆ సెల్లే. ప్రతి సైటు సర్టిఫికెట్‌కూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని గడువు ఉంటుంది. సిస్టమ్ తేదీ ఆ గడువు మొదలయ్యే రోజు కంటే వెనక్కి పోతే, ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదనుకుని బ్రౌజర్ ఒప్పుకోదు. వైరసూ లేదు, మదర్‌బోర్డూ పోలేదు. సెల్లుకు నలభై, పనికి వంద తీసుకున్నాడు. తీసిన సెల్లు కాగితంలో చుట్టి నాకే ఇచ్చాడు.

కొత్త సిస్టమ్ అమ్ముకునే అవకాశం చేతికి వచ్చినప్పుడు నూట నలభై రూపాయల జవాబు చెప్పేవాళ్లు ఊళ్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. పని చేతనైనవాళ్లు చాలామందే ఉంటారు. ఏమైందో తెలిసేదాకా సామాను జోలికి పోనివాళ్లు తక్కువ.

చిత్తూరులో టీచరుగా చేసే మా చెల్లెలి ల్యాప్‌టాప్‌నూ ఇక్కడికే తెప్పించాను. ఆన్ చేస్తే నత్తనడక. వర్డ్ తెరుచుకునేలోపు ప్రాణం విసిగిపోతుంది. ర్యామ్, అంటే మెమొరీ, పెంచితే సరిపోతుందని అందరూ చెప్పి పంపారు. ఆయన టాస్క్ మేనేజర్ తెరిచి స్క్రీన్ మా వైపు తిప్పాడు. మెమొరీ వరసలో ఇంకా ఖాళీ ఉంది. డిస్క్ వరసలో మాత్రం నూటికి నూరు, దిగనంటోంది. "లైబ్రరీలో ఒక్కడే అటెండరు ఉన్నాడు, యాభై మంది ఒకేసారి పుస్తకాలు అడిగితే వాడు బీరువాల మధ్య పరిగెత్తడమే సరిపోతాది కదక్కా. బెంచీలు పెంచితే ఏం లాభం?" అన్నాడు. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, ముల్లు కదిలి చోటు వెతుక్కోవాలి. విండోస్ మొదలయ్యేటప్పుడు చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ ఒకేసారి అడుగుతుంది. దాని బదులు ఇప్పుడు వాడే ఎస్ఎస్‌డీలో చిప్పులే తప్ప కదిలే భాగమే ఉండదు.

నాకు నచ్చింది ఆ తర్వాత ఆయన పాటించిన వరస. ముందు డిస్క్ ఆరోగ్యం చూశాడు. పసుపుపచ్చ గుర్తు, జాగ్రత్త అని. చెడిపోయిన సెక్టార్లు కనబడుతున్నాయి. చూసీ చూడగానే ల్యాప్‌టాప్ ఆపేసి డిస్క్ బయటికి తీశాడు. విండోస్ సంగతి తర్వాత, ముందు పిల్లల మార్కుల ఫైళ్లు, ఫొటోలు ఇంకో డిస్క్‌కు ఎక్కించాలి అన్నాడు. ఎక్కించాక మా చెల్లెలినే కూర్చోబెట్టి, ఒక్కొక్క ఫోల్డరూ తెరిపించి, అన్నీ వచ్చాయని ఆవిడ నోటితో అన్నాకే కొత్త ఎస్ఎస్‌డీ బిగించాడు. ఫార్మాట్ కొట్టేసి తర్వాత "బ్యాకప్ ఉందా మేడం?" అని అడిగే షాపులో ఒక విద్యార్థి ఏళ్లపాటు రాసుకున్న నోట్స్ పోగొట్టుకుని నా దగ్గర కూర్చుని ఏడవడం చూశాను. అందుకే ఈ వరసకు నేను అంత విలువిస్తాను. పాస్‌వర్డ్ కూడా చీటీ మీద రాయమనడు, కీబోర్డు మన ముందుకు జరిపి తను అటు తిరుగుతాడు.

ఇక విండోస్ 10 గొడవ. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ దాని సపోర్టు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైన ఉండాలి. నాది ఆరో తరం ఐ3. సాఫ్ట్‌వేర్‌తో ఆ తనిఖీని దాటవేసి 11 ఎక్కించే పద్ధతులున్నాయి, అడిగితే చాలా చోట్ల ఎక్కించేస్తారు. ఈయన మాత్రం ముందే చెప్పాడు, "ఎక్కుతాది. కానీ అట్లాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయని గ్యారంటీ లేదని కంపెనీనే చెప్పింది. మీకు గడువు దగ్గరున్న రోజు అది మొరాయిస్తే నేనేం జవాబు చెప్పేది?"

నా చిక్కు ఇంకోటి ఉంది. పాత పుస్తకాలన్నీ పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత పెద్ద వెర్షనేదీ రాలేదు. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఒక సొంత నంబరు ఇచ్చే యూనికోడ్ పద్ధతి దానికి తెలియదు. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి. తిరుపతిలో రిపేరు చేసేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు ఎక్కువమంది తగల్లేదు. సిస్టమ్ కొత్తగా వేసి, ఫాంట్ల ఫోల్డరు పట్టించుకోకుండా ఇచ్చేస్తారు. ఈయన ఏ మార్పూ చేయకముందే ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు విడిగా తీసి పెట్టాడు.

ఆయన చెప్పిన ఏర్పాటు ఇప్పుడు నా గదిలో నడుస్తోంది. పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 10 అలాగే ఉంచి నెట్ కేబుల్ తీసేశాం. అది పేజ్‌మేకర్‌కు, ప్రింటర్‌కు మాత్రమే. నెట్ పనికి, యూనికోడ్ పనికి ఒక పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి, వర్డ్ బదులు లిబ్రేఆఫీస్ పెట్టాడు. తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికతో పాటు ఆపిల్ అనే అమరిక కూడా ఉంది, చిన్నప్పుడు నేర్చుకున్న వేళ్లకు అదే దగ్గర. వత్తుల దగ్గర కొంచెం కొత్తగా ఉంటుంది. అనులో వత్తును విడిగా కొట్టేవాళ్లం, యూనికోడ్‌లో పొల్లు కొట్టి తర్వాత హల్లు కొడితే అదే వత్తవుతుంది. దానికి చెయ్యి అలవాటు పడింది.

ఒక సాయంత్రం జరిగింది ప్రత్యేకంగా చెప్పాలి. కడప ప్రాంతపు పాత రేనాటి శాసనాల మీద పనిచేసే ఒక అమ్మాయి గ్రంథంలో ప్రాచీన అక్షరం ఴ వస్తుంది. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఆ చోట ఖాళీ గడి కనబడేది. గైడు దాన్ని ప్రతి పేజీలోనూ సున్నా చుట్టి పంపారు. డ కొట్టి సర్దుకోమని, ళ కొట్టి కింద గీత పెట్టమని రకరకాల సలహాలు. షాపాయన ఆ గడిని కాపీ చేసి దాని నంబరు చూశాడు, 0సీ34. అంటే అక్షరం ఫైల్లో సరిగ్గానే ఉంది, చూపించే బొమ్మే ఫాంటులో లేదు. యూనికోడ్‌లోకి ఆ అక్షరం 2014లోనే వచ్చిందని, అంతకుముందు తయారైన ఫాంట్లలో ఉండకపోవచ్చని చెప్పి, నోటో సాన్స్ తెలుగు వేశాడు. గడి ఉన్నచోట ఴ నిలబడింది. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటు లోపలే పొదిగేలా కూడా సెట్ చేసి ఇచ్చాడు, లేకపోతే గైడుగారి సిస్టమ్‌లో మళ్లీ గడే కనబడుతుంది. ఆ అమ్మాయి స్క్రీన్‌ను దగ్గరికి లాక్కుని పేజీలు తిప్పుకుంటూ పోయింది. దీనికి పైసా తీసుకోలేదు. పన్నెండు వందల ఏళ్లకు పైబడిన అక్షరం సరిగ్గా అచ్చుకావాలని ఒక రిపేరు మనిషి అంతసేపు కూర్చోవడం నాకు చాలా గౌరవంగా అనిపించింది.

ఆరు దాటాక ఆ గది వేరేగా ఉంటుంది. ఇంజినీరింగ్ కుర్రాళ్లు, ఏర్పేడు ఐఐటీ నుంచి దిగిన ఒకరిద్దరు, ఊళ్లో నెట్‌వర్క్ పనులు చేసేవాళ్లు చేరతారు. కింది నుంచి టీ వస్తుంది. వాదన ఎప్పుడూ ఒకటే, దేనికేది మేలు. "అన్నా, అక్కకు మింట్ ఎందుకేసినావు, ఆర్చ్ వేసుంటే ఇంకా తేలిగ్గా ఉంటుంది కదా?" అని ఒకడు, అదీ ఒక రకం లైనక్సే. "ఒరేయ్, నువ్వు సిస్టమ్ వాడేదానికంటే దాన్ని బాగుచేసుకునేదే ఎక్కువ. అక్కకు పని ఉండాది" అని ఇంకొకడు. మెకానికల్ కీబోర్డు చప్పుడు గురించి ఒక రోజంతా కొట్టుకున్నారు. ఒకతను తన కీబోర్డు తెచ్చి నా ముందు పెట్టి, టైపిస్టు మీరే చెప్పండన్నాడు. మీట తేలిగ్గా దిగుతోంది, వేలికి శ్రమ తక్కువ, కానీ గంటల తరబడి పక్కన ఇంకో మనిషి కూర్చుని ప్రూఫు చదవాలంటే ఆ టకటక కుదరదని చెప్పాను. "తీర్పు వచ్చేసింది" అని అందరూ అరిచారు. నాకు ఈ గుంపు ఇష్టం. వచ్చినవాళ్ల సమస్యను పోటీపడి విప్పుతారు, తెలియనివాళ్లను తక్కువ చేసి మాట్లాడరు. సుమారు అరవై ఏళ్ల పెద్దాయన ఒకరు, వచ్చిన ప్రతి అప్‌డేట్ తర్వాతా ప్రింటర్ కనబడటం లేదని వస్తే, "తాతా, ఈడ కూర్చో" అని కుర్చీ ఇచ్చి డ్రైవర్ ఎలా మళ్లీ ఎక్కించుకోవాలో కాగితం మీద తెలుగులో రాసిచ్చారు.

లోపాలూ చెప్పాలి. ఫోను ఎత్తడు, చేతిలో పని ఉంటే ఎవరిదీ ఎత్తడు. రేపిస్తానంటే ఎల్లుండి అనుకోండి, పని తొందరైతే ముందే గట్టిగా చెప్పాలి. మెట్లు నిటారుగా ఉంటాయి, డెస్క్‌టాప్ మోసుకుని ఎక్కడం పెద్దవాళ్లకు కష్టం. పిలిస్తే అసిస్టెంటు కుర్రాడు దిగి వస్తాడు. ప్రింటర్ లోపలి పనులు, ఫోన్లు అసలు ముట్టుకోరు. కొత్త సామాను రేట్లు ఆన్‌లైన్ కంటే రెండు మూడు వందలు ఎక్కువే ఉంటాయి. మనమే కొని తెచ్చినా మొహం మాడ్చుకోకుండా బిగిస్తాడు, బిగించినందుకు మూడు వందలు. బిల్లు కావాలంటే అడిగి తీసుకోవాలి, తనంతట తను ఇవ్వడు. ఇది మార్చుకోవాలి, వారంటీ రోజున బిల్లే దిక్కు.

వెళ్లేవాళ్లు అడాప్టర్ తప్పకుండా తీసుకుపోండి, సగం సమస్యలు దాని దగ్గరే బయటపడుతున్నాయి. సమస్య వచ్చినప్పుడు తెర మీద కనబడ్డ అక్షరాలను ఫోనుతో ఫొటో తీసుకుని పోతే ఆయన ప్రశ్నలు తగ్గుతాయి. పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే మనిషి, ఎనిమిదిలోపే షట్టర్ దించేస్తాడు. మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో షాపు మూసేస్తాడు కాబట్టి ఆ వారంలో గడువున్న పని పెట్టుకోకండి.