డయరా, క్రిటికలా: ఇంగ్లీషు అర్జీలో ఏది మేలు?

సోమవారం కలెక్టరేట్లో ఇచ్చే అర్జీ తెలుగులో రాసినా తీసుకుంటారు. అయినా ఉదయగిరి మెట్ట నుంచో కనిగిరి వైపు నుంచో వచ్చేవాళ్లలో కొందరు, పైకి పోయే కాగితం కదా అని ఇంగ్లీషులో రాయించుకుంటారు. నీళ్ల కష్టం చెప్పాలంటే ముందు క్రిటికల్ (critical) అని పెట్టేస్తారు. ఫోన్లో వెతికేవాళ్ల పుణ్యమా అని డయర్ (dire) కూడా వచ్చి చేరింది. రెంటినీ ‘విషమం’ అనే అనుకుంటాం గానీ, ఒకదాని చోట ఇంకొకటి నప్పదు.

2021 నవంబర్ పెన్నా వరదే తీసుకోండి. సోమశిల డ్యామ్‌కు పైనుంచి నీళ్లు తోసుకొస్తుంటే ఎంత వదలాలో తేల్చుకోవాల్సిన గంటలు క్రిటికల్. అటో ఇటో తేలేది అప్పుడే. ఆ తర్వాత పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి, ఇళ్లల్లోకి నీళ్లొచ్చి జనం అల్లాడారే, అది డయర్. తేలడానికేం మిగల్లేదు, పడడమే.

ఆస్పత్రిలో ‘పేషెంట్ ఈజ్ క్రిటికల్’ అనొచ్చు. అక్కడ డయర్ పెడితే మనిషే పనికిమాలినవాడన్నట్టు ఉంటుంది. దాన్ని కండిషన్‌కో, నీడ్‌కో తగిలించాలి. పోలీసు కాగితాల్లో మాత్రం అది పాత కాపు: చంపుతామని బెదిరించారంటే చాలు, ‘డయర్ కాన్సిక్వెన్సెస్’ అని రాసేస్తారు.

బోర్లు ఎండిన ఊరి అర్జీలో క్రిటికల్‌తో ఒక చిక్కుంది. భూగర్భ జలాల శాఖకు అది లెక్క ఉన్న మాట. ఏటా ఊరే నీటిలో 90 నుంచి 100 శాతం దాకా తోడేస్తే క్రిటికల్, 70 నుంచి 90 అయితే సెమీ క్రిటికల్, 100 దాటితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్. అంటే వాళ్ల లెక్కలో క్రిటికల్‌ను మించిన కష్టం ఇంకొకటుంది. మీ మండలం ‘సేఫ్’ జాబితాలో ఉంటే, మీరు క్రిటికల్ అని రాసిన కాగితాన్ని ఆ ఒక్క మాట పట్టుకుని తిప్పి పంపొచ్చు. డయర్‌కు అలాంటి పట్టిక లేదు. మనుషుల అవస్థ చెప్పేచోట నా ఓటు దానికే: ‘డయర్ నీడ్ ఆఫ్ డ్రింకింగ్ వాటర్’.

అదైనా ఒక్కసారే. ప్రతి పేరాలో పెడితే చదివే గుమాస్తాకి విసుగు. ఫ్లోరైడ్ ఊరైతే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మీ బోరు ఎంత దాటిందో చూపే ల్యాబ్ కాగితం ముందు జతచేయండి, డయర్ రెండో వాక్యంలో వచ్చినా పర్లేదు.