నర్సరీ వెబ్‌సైటుకి హోస్టింగ్: హోస్టింగర్ వాడాక నా మాట

మాది కడియపులంకలో హోల్‌సేల్ నర్సరీ. దారిలో కారాపి రెండు గులాబీ మొక్కలు కొనుక్కెళ్లేవాళ్లకి మా వెబ్‌సైటుతో పని లేదు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో లారీ లోడు ఆర్డరిచ్చే ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లకి మాత్రం కావాలి. ఎనిమిదడుగుల ఫాక్స్‌టెయిల్ పామ్ ఏ సైజు బ్యాగులో వస్తుంది, పక్కన మనిషి నిలబడితే ఎంతెత్తు కనిపిస్తుంది, నూరువరహాల్లో ఏ రంగులున్నాయి, ఇవన్నీ ఫోటోల్లో చూసుకుంటేగాని వాళ్లు ఫోన్ చెయ్యరు. అవే ఫోటోలు వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ పంపీ పంపీ మా ఫోన్లు నిండిపోయేవి. లెక్కలు, ఆర్డర్లు చూసేది నేనే కాబట్టి సైటు కూడా నా నెత్తికే వచ్చింది.

మొదట్లో మాకు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా వచ్చే పేజీ ఉండేది. 2024 మార్చిలో గూగుల్ ఆ సదుపాయం ఎత్తేసింది. తర్వాత ఒక డిజైనర్ సైటు కట్టి, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉంచడానికి ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటరు, అంటే సర్వర్, అద్దెకి తీసుకోవడం) కూడా తన ప్యాకేజీలోనే కలిపి ఇచ్చాడు. ఆ హోస్టింగ్ కంపెనీ పేరు రాయను. ప్లాన్ పేరులోనే 'అన్‌లిమిటెడ్' అని ఉండేది. వానలు పడగానే మాకు సీజను. సరిగ్గా అప్పుడే సైటు తెరిస్తే మొక్కలు కాదు, '508 రిసోర్స్ లిమిట్' అని ఒక తెల్ల పేజీ. కాంట్రాక్టరు ఫోన్ చేసి "మేడమ్, నర్సరీ మూసేశారా ఏంటి?" అని అడిగాడు.

అన్‌లిమిటెడ్ అన్నది ఎక్కువగా డిస్కు స్థలం గురించే. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద చాలామంది సైట్లు ఉంటాయి కాబట్టి ఒక్కో ఖాతా ఎంత ప్రాసెసర్, ఎంత మెమరీ వాడుకోవచ్చో లోపల గీత గీసి ఉంటుంది. అది దాటితే 508. దాంతో పాటు ఫైళ్ల సంఖ్యకీ హద్దు ఉంటుంది, దాన్ని ఐనోడ్ లిమిట్ అంటారు. మా సైటు కట్టిన సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. అందులో మనం ఒక ఫోటో ఎక్కిస్తే అది చిన్నా పెద్దా సైజుల్లో నాలుగైదు కాపీలు తయారుచేసుకుంటుంది. మాలాగా ఫోటోలే బతుకుదెరువైన సైటుకి ఆ లెక్క చాలా తొందరగా పెరుగుతుంది. ఈ హద్దులు ప్లాన్ పేజీలో పెద్దక్షరాల్లో ఉండవు, నియమ నిబంధనల్లో ఎక్కడో ఉంటాయి. వెతికి చదవాల్సిందే.

ఆ బాధ చాలదన్నట్టు రెన్యువల్ మెయిల్ వచ్చింది. మా మామగారు బిల్లు రెండుసార్లు చదివి, "ఇదేంటమ్మా, పోయినసారి మొక్క రేటు చెప్పి ఇప్పుడు చెట్టు రేటు అడుగుతున్నారు" అన్నారు. ఈ వ్యాపారం నడిచే తీరే అది. ప్రకటనలో కనిపించే నెల రేటు రెండేళ్లకో నాలుగేళ్లకో ఒకేసారి కడితేనే వర్తిస్తుంది, గడువయ్యాక అసలు రేటు మొదలవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ. వేరే వ్యాపారాలవాళ్లు ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటారు, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుంటారు. మేం అమ్మే మొక్కల మీద జీఎస్టీ లేదు కాబట్టి మాకు క్రెడిట్టూ లేదు, ఆ 18 శాతం మా జేబులోంచే. అందుకే ఈసారి ప్రతి కంపెనీ దగ్గరా మొదటి బిల్లు పక్కన పెట్టి, రెన్యువల్ రేటుకి పన్ను కలిపి ఏడాదికి ఎంత పడుతుందో అదొక్కటే రాసుకున్నాను. అలా రాస్తే వరుస మొత్తం తారుమారైంది. ప్రకటనలో అందరికన్నా చవకగా కనిపించినది కాస్తా కిందకి జారిపోయింది.

ఇంటర్నెట్‌లో 'టాప్ 10 హోస్టింగ్' జాబితాలు నేను పట్టించుకోలేదు. వాటిలో చాలావాటికి లింకు నొక్కి కొంటే కమిషన్ వస్తుంది. పైగా బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, బిగ్‌రాక్ మూడు వేర్వేరు కంపెనీలనుకుని పోల్చుకుంటూ కూర్చుంటాం. 2021లో ఏర్పడ్డ న్యూఫోల్డ్ డిజిటల్ గొడుగు కిందకే ఆ మూడూ చేరాయి.

డబ్బు కట్టే ముందు నేను చేసింది ఒకటే. రాత్రి భోజనాలయ్యాక ఒక్కో కంపెనీ చాట్‌లోకి వెళ్లి అవే ప్రశ్నలు అడిగాను. రెన్యువల్ ఎంత? సర్వర్ ఎక్కడుంది? బ్యాకప్ ఎన్నాళ్లకోసారి, అది అదే బిల్డింగ్‌లో ఉంటుందా, వేరే ఊళ్లోనా? ఆఖరి ప్రశ్నకి కొందరు చల్లగా జారుకున్నారు. అది ఊరికే అడిగింది కాదు. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే ఉన్నవాళ్లకి రెండూ పోయాయి. అందుకే కంపెనీ తీసే బ్యాకప్ ఎంత మంచిదైనా, నాది నేను అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ప్లగిన్‌తో (వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) గూగుల్ డ్రైవ్‌లోకి విడిగా తీసుకుంటాను. వాళ్లది వాళ్లది, నాది నాది.

చివరికి హోస్టింగర్ తీసుకున్నాం. లిథువేనియా కంపెనీయే అయినా సర్వర్ ఉండే చోటుగా మన దేశాన్ని ఎంచుకోవచ్చు. మా కొనుగోలుదారులంతా ఇక్కడివాళ్లే కాబట్టి అమెరికా సర్వర్‌తో మాకు పనేముంది? పాత చోటునుంచి సైటును వాళ్లే ఉచితంగా మార్చి పెట్టారు. ఫోటోలన్నీ సరిగ్గా వచ్చాయి. ధరల పట్టికలో వరసలు మాత్రం కాస్త చెదిరాయి, అవి నేను కూర్చుని సర్దుకున్నాను. ఎస్‌ఎస్‌ఎల్ (బ్రౌజర్‌లో సైటు సురక్షితమని చూపించే సర్టిఫికెట్) ఉచితం. ఇప్పటికీ కొందరు ఎస్‌ఎస్‌ఎల్‌కి ఏడాదికింతని వసూలు చేస్తుంటారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ఉచితంగా ఇస్తున్నప్పుడు మామూలు షాపు సైటుకి దానికి డబ్బు కట్టడం దండగ.

చాలా హోస్టింగ్ కంపెనీల్లో సైటును నడిపించుకునే తెర సీపానెల్. అది అలవాటైనవాళ్లకి ఇక్కడ కొంచెం చికాకు. వీళ్లది హెచ్‌పానెల్ అని సొంత తయారీ. నాకు ఏదైనా కొత్తే కాబట్టి ఇబ్బంది లేకపోయింది, పైగా ఇదే శుభ్రంగా ఉంది. ఫోన్ సపోర్ట్ లేదు, అంతా చాట్‌లోనే. ముందు బాట్ పలుకుతుంది, మనిషి కావాలని గట్టిగా అడగాలి. మా మామగారిలాగా "ఎవరో ఒకరు ఫోనెత్తాలి కదా" అనుకునేవాళ్లు ఇది చూసుకుని కొనండి. నాకైతే లైన్లో పాట వింటూ కూర్చోవడం కన్నా, లోడింగ్ దగ్గర నిలబడి చాట్ చేసుకోవడమే నయం.

సైటు వేగం పెరిగింది. అయితే ఆ ఘనతంతా హోస్టింగ్‌ది కాదు. ఫోన్లో తీసిన నాలుగైదు ఎంబీల ఫోటోని నేరుగా ఎక్కించకుండా, సైజు తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫోటో ఫార్మాట్‌లోకి మార్చి ఎక్కిస్తున్నాం. బోగన్‌విల్లా ఫోటో ఒకటి అలా మారిస్తే 200 కేబీ కూడా లేదు, పువ్వు రంగు మాత్రం అలాగే ఉంది. ఏ కంపెనీకి మారినా ముందు ఈ పని చెయ్యండి. సగం మందికి మారాల్సిన అవసరమే రాకపోవచ్చు.

డొమైన్ (సైటుకి పెట్టుకునే వెబ్ చిరునామా), మెయిల్ మాత్రం వీళ్ల దగ్గర పెట్టలేదు. డొమైన్ వేరే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర, మా నర్సరీ పేరున, మా మెయిల్ ఐడీతో ఉంది. మా ఊళ్లోనే ఇంకో నర్సరీవాళ్ల డొమైన్ డిజైనర్ తన ఖాతాలో తన పేరున కొనేశాడు. అతను ఫోన్ ఎత్తడం మానేసేసరికి, బోర్డుల మీద, లారీ బిల్లుల మీద వేయించిన పేరు వాళ్ల చేతిలో లేకుండా పోయింది. డొమైన్ మన చేతిలో ఉంటే హోస్టింగ్ నచ్చనప్పుడు నేమ్‌సర్వర్లు (ఆ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేవి) మార్చుకుని ఇంకో చోటికి పోవచ్చు. ఉచితంగా వస్తుందని డొమైన్ కూడా అక్కడే తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ ఉచితం మొదటి ఏడాదికే. పైగా డాట్‌కామ్ లాంటివి కొత్తగా కొన్నాక 60 రోజుల వరకూ వేరే రిజిస్ట్రార్‌కి మార్చుకోవడం కుదరదు.

మెయిల్ జోహో అనే కంపెనీ మెయిల్ సర్వీసులో ఉంది. ఐదుగురి దాకా ఉచిత ప్లాన్ సరిపోతుంది, మేం వాడేది ముగ్గురం. షేర్డ్ హోస్టింగ్‌లో మెయిల్ పెడితే అదే సర్వర్ నుంచి ఎవడో స్పామ్ పంపినా మన కొటేషన్ కూడా కాంట్రాక్టరు స్పామ్ ఫోల్డర్‌లో పడే ప్రమాదం ఉంది. విడిగా పెట్టాక, హోస్టింగ్ సర్వర్ ఆగి సైటు ఆగినా మెయిల్ ఆగదు.

99.9 శాతం అప్‌టైమ్ (సైటు తెరుచుకుని ఉండే సమయం) అని హోస్టింగర్ వాళ్లూ హామీ ఇస్తారు. లెక్కేస్తే నెలకి 43 నిమిషాలు సైటు లేకపోయినా హామీ తప్పినట్టు కాదు. తప్పినా ఈ కంపెనీలు సాధారణంగా ఇచ్చేది అద్దెలో కొంత తగ్గింపే, పోయిన ఆర్డరుకి పరిహారం కాదు. మావరకూ ఇప్పటిదాకా ఎవరూ 'తెరుచుకోవట్లేదు' అని ఫోన్ చెయ్యలేదు.

మాలాగా ఫోటోలు, ధరలు, వాట్సాప్ బటన్ ఉన్న సైటుకి ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి కోసింది రెన్యువల్ రేటుకి. పేమెంట్ గేట్‌వే పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు వీళ్ల చిన్న ప్లాన్ తీసుకోవద్దు, రోజూ బ్యాకప్ ఉండే పై ప్లాన్ చూడండి. ఒకే పేజీలో అడ్రసు, ఫోన్ నంబరు ఉంటే చాలనుకునే చిన్న షాపులకి ఇదంతా ఎందుకు, వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్‌తో సరి.

ఇంకో సంగతి. కొనే నెల చూసుకుని కొనండి. రెన్యువల్ అదే నెలలో వస్తుంది కాబట్టి నేను ఫిబ్రవరిలో కొన్నాను. జూన్, జూలైల్లో అయితే లారీలు, కూలీలు, అడ్వాన్సుల గొడవలో ఆ మెయిల్ ఎవరూ చూడరు. ఆటోపే పెట్టాం కదా అని ధీమాగా ఉండడానికీ లేదు. నాలుగేళ్ల బిల్లు ఒకేసారి 15,000 దాటితే రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కార్డుకి ఓటీపీ చెప్పాలి. మాకు ఆ ఓటీపీ మామగారి ఫోన్‌కి వస్తుంది, ఆయనేమో ఫోన్ ఇంట్లో పెట్టి తోటలోకి వెళ్లిపోతారు.